వేటవిల్లు, పోటీవిల్లు: భోపాల్‌పట్నపు సీమలో ఆటల చరిత్ర

ఇంద్రావతీనది బస్తర్ అరణ్యములను చీల్చుకొని పడమరగా ప్రవహించి, పిదప దక్షిణమునకు మరలి, భద్రకాళి గ్రామముకడ గోదావరిలో లీనమగుటకు ముందు తన యెడమగట్టున విడిచిన సీమలో భోపాల్‌పట్నము నెలకొనియున్నది. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బీజాపూర్ జిల్లాకు చెందిన యొక తహసీలుకు ముఖ్యస్థానము. పూర్వము బస్తర్ సంస్థానమునకు లోబడిన గోండు జమీందారీ. అచటి సంతలో నిలుచున్నవానికి హిందీకంటె ముందు తెలుగు వినబడును. దానితోపాటు దోర్లల మాట, గోండి, హల్బీ కలసి వినబడును. ఈ సీమను గూర్చి వ్రాసినవారు దాని టేకును, కప్పములను, తిరుగుబాట్లను లెక్కించిరిగాని ఆటలను లెక్కింపలేదు. ఆటపాటలు చరిత్రకు తగిన వస్తువులు కావను భావము మనలో చిరకాలము ప్రబలియుండెను. సురవరము ప్రతాపరెడ్డిగారు తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల దండయాత్రలను ప్రక్కకు నెట్టి జనుల వినోదములకు పీట వేయువరకు ఆ భావము సడలలేదు. భోపాల్‌పట్నపు సీమలోనైతే ఆటను విడిచి చరిత్ర చెప్పుట సాధ్యమే కాదు. ఏలయనగా, ఎవడు పురుషుడు, స్త్రీకి చెల్లుబాటగు హద్దేది, ఎవడు మనవాడు, ఎవడు పరాయివాడు అను ప్రశ్నలకు కచేరీలు వెలియుటకు బహుకాలము పూర్వమే ఇచట వేటనేలమీదను పందెపు బరిలోను సమాధానములు దొరకినవి. అంతేకాదు, ఒక్క వెదురువిల్లే ఈ సీమలో ఒకప్పుడు జీవనోపాధియు, ఒకప్పుడు ఆయుధమును, ఒకప్పుడు నేరమును, నేడు క్రీడయు నైనది. విల్లు మారలేదు, దానికి పేరుపెట్టు అధికారము మాత్రము చేతులు మారుచు వచ్చినది.

వేసవి ముదిరి తొలకరికి నేల యెదురుచూచు దినములలో దోర్లలును కోయలును విత్తనపు పండుగ చేయుదురు; బిజ్జపండుమని, భూమిపండుగయని దానికి వ్యవహారము. బలిరక్తము చిలికిన విత్తనమే మొలకెత్తి ఫలించునని వారి విశ్వాసము. ఆ పండుగనాళ్లలో ఊరి మగవారందరు విండ్లు, ఈటెలు, గొడ్డండ్లు చేపట్టి అడవికి వెడలిపోవుదురు. వేట దొరకినచో మాంసమును ఊరంతయు పంచుకొనును. ఆ దినములలో ఊరు స్త్రీలది. వారు దారులకు త్రాళ్లు అడ్డముగట్టి, వచ్చిపోవువారిని నిలిపి, పాటలు పాడి, రుసుము వసూలుచేయుదురు. పూర్వము ఎడ్లబండ్లను నిలిపెడివారు, నేడు లారీలను, జీపులను నిలుపుచున్నారు. సాయంకాలమున మగవారు ఉత్తచేతులతో తిరిగివచ్చిరా, వారికి కలుగు మర్యాద వర్ణనాతీతము: పేడనీళ్లు కుమ్మరించి, నోటికి వచ్చిన పరిహాసములాడి, వారి పౌరుషమును నడివీధిలో విచారణకు పెట్టుదురు.

ఈ యాచారమును చూచి నవ్వి ఊరకుండుట తగదు. విల్లు పట్టుట పురుషుని హక్కు అని నిర్ణయించిన సమాజమే, ఆ హక్కును నిలుపుకొన్నాడా లేదా యని తీర్పుచెప్పు పీఠముమీద స్త్రీని కూర్చుండబెట్టినది. అట్లని దీనిని స్త్రీ స్వాతంత్ర్యమని కీర్తించువారితో నేనేకీభవింపజాలను. పేడనీళ్లు చల్లు అధికారమున్నదిగాని విల్లెత్తు అధికారము లేదు. ఏడాదిలో నాలుగునాళ్లు దొరతనము నొసగి తక్కిన దినములు నోరు కట్టివేయు సంప్రదాయము మైదానపు గ్రామములలోను మనకు తెలియనిది కాదు. ఛోటానాగపూరు ఒరావులలో దీనికి భిన్నమైన పద్ధతి కలదు. అచట పండ్రెండేండ్లకొకమారు స్త్రీలే మగవేషములు ధరించి, ఆయుధములు బూని వేటకు పోవుదురు, దానిని జనీశికారందురు. రోహతాసుగఢమును శత్రువులు ముట్టడించినపుడు మగవారికి బదులు తమ పూర్వవనితలు పోరాడిరని వారి ఐతిహ్యము. అచటనైనను పురుషవేషము తప్పలేదన్నది గమనింపదగిన విషయము.

ఇక వింటి సంగతి. ఇచటి విల్లు నిలువుగా చీల్చి చెక్కిన వెదురుబద్ద. దాని నారియు వెదురుబెరడే. కుందేలుకొక అలుగు, జింకకొక అలుగు, పిట్టకైతే ఇనుమే లేని మొద్దుకట్టె. ఇట్లు వేటనుబట్టి అమ్ము మారును. ఈ సామాన్యమైన పరికరము 1795వ సంవత్సరమున ఇంగ్లీషువారి గ్రంథములకెక్కెను. కంపెనీ సైన్యమునకు చెందిన కెప్టెన్ బ్లంట్ చునారుగఢమునుండి ఏలూరు సర్కారులోని యెర్నగూడెము వరకు దారి కనుగొనుటకు బయలుదేరి, బస్తర్ దేశములో ప్రవేశింపజూడగా, భోపాల్‌పట్నపు సీమలో గోండులు అతని నడ్డగించిరి. అతడు బస్తర్ లోనికి పోజాలక గోదావరి దారి పట్టెను. ఛత్తీస్‌గఢ్ చరిత్రకారులు దీనికి భోపాల్‌పట్నం సంఘర్షణ మని పేరిడి, తమ తిరుగుబాట్ల పట్టికలో చేర్చుకొనిరి. దేశాభిమానము ఆ గోండులకు నాడుండెనా యను శంక పండితులకు కలుగవచ్చును. దేశమను మాటకు వారి యర్థము ఆ యడవియు, ఆ యేరును, ఆ సంతయు మాత్రమే. అంతకు మించిన దేశమును వారికి చూపినవాడు అప్పటికెవడును లేడు.

1859లో హైదరాబాదు గుత్తేదారులు ఈ జమీందారీల అడవులలో సాలవృక్షములను నరికించుచుండగా, ఒక చెట్టుకు ఒక తల యను ప్రతిజ్ఞతో ఫోత్‌కేల్, భోపాల్‌పట్నం, భెజ్జి ప్రాంతముల కోయలు, దోర్లలు లేచిరి. నాగుల దోర్ల వారి నాయకులలో ముఖ్యుడు. సిరొంచలోనుండి ఆ సీమ వ్యవహారములు చూచుచుండిన గ్లాస్‌ఫర్డ్ తుదకు గుత్తపద్ధతిని మాన్పవలసివచ్చెను. అడవిబిడ్డలు జయించిన కొద్ది పోరాటములలో ఇదియొకటి. తరువాతిది జయింపలేదు. 1905 ప్రాంతమున బస్తర్ అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయదలచగా, పోడుకు, వేటకు, కలపకు దారులు మూసుకొనిపోగా, 1910లో భూమ్‌కాల్ చెలరేగెను. ఊరూర మామిడిరెమ్మలు, మిరపకాయలు త్రిప్పి వర్తమానమంపిన ఆ పోరాటమునకు నేతానారుకు చెందిన గుండాధూరు నాయకుడు. విండ్లు తుపాకులకు ఓడినవి. గుండాధూరు మాత్రము సర్కారు చేతికి చిక్కలేదు.

అదే యడవిలో అదే మృగమును వేటాడుట దొరలకు క్రీడ. శికారని దానికి గౌరవనామము. ఏనుగులనెక్కి, డప్పులు కొట్టించి, అడవిబిడ్డలచేతనే మృగములను తోలించి, మంచెమీదనుండి తుపాకి ప్రేల్చి, కొమ్ములను గోడకు తగిలించువాడు క్రీడాకారుడు. ఆకలికొని విల్లెక్కుపెట్టినవాడు అపరాధి. జాతివివక్ష యనగా మనకు వెంటనే దక్షిణాఫ్రికాయో, జర్మనీయో స్ఫురించునుగాని, ఒకే చర్య తెల్లవాని చేతిలో వినోదమును, నల్లవాని చేతిలో నేరమును అగు ఈ విచిత్రమునకు మన యడవులు చాలినంత సాక్ష్యమిచ్చును. తెల్లవారే కాదు, స్వదేశపు రాజులును ఆ వినోదమున వెనుదీయలేదు. ఛత్తీస్‌గఢ్ ఉత్తరభాగమున కొరియా సంస్థానాధీశుడు 1947లో మూడు చీతాలను కాల్చెను. భారతదేశమున చీతాజాతి అంతటితో ముగిసెనని చెప్పుదురు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1981లో భోపాల్‌పట్నమునకు ఉత్తరమున ఇంద్రావతీతీరపు అడవి జాతీయోద్యానమాయెను. చట్టము మృగమునకు మేలుచేసినది, సందేహము లేదు. కాని మృగములను తుపాకితో తగ్గించినవారి పటములు భవనములలో వ్రేలాడుచుండగా, విత్తనపు పండుగకు వెదురువిల్లు పట్టినవాడు అటవీ కచేరీలో నిలువవలసివచ్చుట న్యాయపు త్రాసులో సరితూగునది కాదు.

వేటకు అడ్డు వచ్చినను కోడిపందెమునకు రాలేదు. చట్టము ఒప్పకున్నను సంత ఒప్పుకొనినది. బస్తర్ సంతలలో ఉప్పు, ఇప్పపూవు, చింతపండు అమ్మకము ముగియునప్పటికి ఒక మూల వలయము కట్టుదురు, పుంజు కాలికి కత్తి కట్టుదురు, పందెములు కాయుదురు. బరి చుట్టు మూగువారందరు మగవారే. కల్లు, జీలుగు అమ్ము స్త్రీలు వెలుపల కూర్చుండి, ఆ జూదము వలని లాభమును మాత్రము మిగుల్చుకొందురు. తెలుగువాని మనస్సు ఇచట పల్నాటికి పరుగెత్తక మానదు. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని కోడిపోరు సాగి, ఓడినవారు దేశము విడిచి మాచెర్ల వీడిపోయిరన్న కథ మనకు ఉగ్గుపాలతో వచ్చినది. పందెములో గెలిచిన స్త్రీని కపటురాలిగా, ఓడిన పురుషుని ధర్మమూర్తిగా మన కథకులు నిలిపిరి. రాజ్యతంత్రములో నాగమ్మ చేసినదానినే మగమంత్రి చేసియున్న చాణక్యుడని పొగడియుందురు.

ఇరువదవ శతాబ్ది తొలిపాదమున దేహబలమును దేశబలముగా భావించు ఉద్యమము దేశమంతట లేచినది. మన వీరఘట్టపు కోడి రామమూర్తినాయుడు రొమ్ముమీద ఏనుగు నెక్కించుకొని, కలియుగ భీముడనిపించుకొని, తెల్లదొరలయెదుట మన దేహము దుర్బలము కాదని నిరూపించెను. నాగపురములో జన్మించిన తెలుగువాడు సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లీషు జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు తీసి, 1932లో లార్డ్స్ మైదానమున భారతజట్టుకు తొలి నాయకుడాయెను. ఆ నాయుడే హిందువుల జట్టని, ముస్లిముల జట్టని, పార్సీల జట్టని మతమువారీగా చీలిన బొంబాయి పోటీలలోను ఆడవలసివచ్చెను. గాంధీజీ 1940లో ఆ పద్ధతిని నిరసించినను 1946 వరకు అది ఆగలేదు. మహారాష్ట్రములోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు పోయి కబడ్డీని ప్రదర్శించిరి. జాతిశ్రేష్ఠతను చాటదలచిన హిట్లరు కన్నులయెదుట జెస్సీ ఓవెన్సు నాలుగు స్వర్ణపతకములు గెలిచిన పోటీలవియే. ఈ యుద్యమమంతయు గొప్పదియే. కాని అందు భోపాల్‌పట్నమునకు చోటు లేదు. జాతి మేల్కొనెనని పట్టణములలో ఉపన్యసించినవారు అడవిలో శతాబ్దములుగా మేల్కొనియున్న దేహములను చూడలేదు. చూచినవారు వ్యాయామవీరులు కాక, గ్రిగ్సన్, ఎల్విన్ వంటి పరిశీలకులైరి. గ్రిగ్సన్ 1938లో మాడియా గోండులను గూర్చియు, ఎల్విన్ 1947లో మురియాల గోతులును గూర్చియు గ్రంథములు వెలయించిరి. బాలురును బాలికలును ఒక్కచోట ఆడి పాడి పెరుగు ఆ గోతుల్‌ను మైదానపు మర్యాదస్థులు చదివి దిగ్భ్రాంతులైరి. ఆడపిల్ల ఆరుబయట ఆడుటయే తప్పని యెంచు మైదానపు ఇండ్లకంటె అడవి ఈ విషయమున ముందున్నదని ఒప్పుకొనుటకు మనకు నోరు రాలేదు.

స్వాతంత్ర్యము వచ్చెను, 1948 జనవరి 1న బస్తర్ మధ్యపరగణాలలో విలీనమాయెను. అడవిబిడ్డలకు దైవసముడైన మహారాజా ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, 1966 మార్చి 25న జగదల్‌పూరులోని తన కోటలోనే పోలీసుకాల్పులలో హతుడాయెను. ఆయన పక్షమున నిలిచినవారి చేతులలోనున్నవి విండ్లే. అటుపిమ్మట జరిగినది మిక్కిలి విచిత్రము. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము తన క్రీడాకారులకిచ్చు పురస్కారమునకు గుండాధూరు పేరును, విలువిద్యకిచ్చు పురస్కారమునకు ప్రవీర్‌చంద్ర పేరును పెట్టెను. సర్కారుపై బాణము వేయించినవాని పేరును, సర్కారు గుండుకు నేలకొరిగినవాని పేరును సర్కారే పతకముపై చెక్కించెను. ఇది పశ్చాత్తాపమని కొందరు, తెలివియని కొందరు అందురు. నాకు రెండును కనబడుచున్నవి. తిరుగుబాటును ఆటగా మార్చినచో దానిని గౌరవించుట సులభము.

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతమున మావోయిస్టులకెదురుగా సల్వాజుడుం అను సాయుధోద్యమము మొదలయ్యెను. ఊళ్లు ఖాళీయాయెను, బడులు కూలెను, జనులు శిబిరములపాలైరి. వేలకొలది కుటుంబములు గోదావరి దాటి ఖమ్మము, వరంగల్లు అడవులకు వలసపోయెను. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పెను. ఆ యేండ్లలో ఆటస్థలమను మాటకే అర్థము పోయెను. ఊరిబయట ఖాళీనేల కనబడిన అది సాయుధపటాలపు శిబిరమో, హెలికాప్టరు దిగు తావో అయ్యెడిది. ఆ పటాలమే జనమైత్రికై వాలీబాలు, వల, క్రికెట్‌బ్యాట్లు పంచుటయు జరిగెను. తుపాకి పట్టిన చేతినుండి బంతినందుకొన్న బాలునికి ఆట యెట్టిదిగా తోచెనో అడిగినవారు లేరు.

2022 అక్టోబరు 6న నాటి రాష్ట్రప్రభుత్వము ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ అను పేర 14 ఆటలలో పోటీలు ప్రారంభించెను: గోటీబిళ్ళ, ఏడుపెంకులాట, గోళీలు, బొంగరము, తొక్కుడుబిళ్ళ, కుంటిపరుగు, మరకాళ్లపై గెడిపరుగు, కబడ్డీ, ఖోఖో మొదలగునవి. నలువదేండ్లు దాటినవారికిని ప్రత్యేకవిభాగ మేర్పరచిరి. చీరకొంగు నడుమునకు బిగించి కబడ్డీ కూతపెట్టిన గృహిణుల దృశ్యములు దేశమంతట చూచిరి. పెండ్లితో ఆడుదాని యాట ముగియునను నియమము ఆ మైదానములలో కొంత సడలినది. నా దృష్టిలో ఆ పోటీల ముఖ్యఫలితము పతకములకంటె ఇదియే. రాష్ట్రాభిమానమును పెంచుటకు ఉద్దేశించిన ఆ పోటీలలో తెలుగు మాటాడు దక్షిణబస్తర్ బాలుడు ఛత్తీస్‌గఢియాగా నమోదయ్యెను. అతడాడిన ఆటలు గోదావరి కీవల మన పల్లెలలోనివే.

2023 డిసెంబరులో ప్రభుత్వము మారెను. మరుసటి యేడు బస్తర్ ఒలింపిక్స్ వచ్చెను. ఏడు జిల్లాలనుండి సుమారు 1,65,000 మంది పేర్లు నమోదుచేసికొన్న ఆ పోటీల ముగింపు 2024 డిసెంబరు 15న జగదల్‌పూరులో కేంద్ర హోంమంత్రి సమక్షమున జరిగెను. లొంగిపోయిన మావోయిస్టులును, హింసలో అవయవములు కోల్పోయినవారును ప్రత్యేకవిభాగమున ఆడిరి. మొన్నటి పోటీలు రాష్ట్రపు గుర్తింపునకు, ఈనాటివి దేశపు భద్రతకు ప్రతీకలు, ఆటగాండ్రు వారే. మందుపాతరకు కాలు కోల్పోయినవాడు, ఒకనాడు దానిని పాతినవారి పక్షముననుండినవాడు ఒక్క మైదానమున నిలుచుటను తేలికగా తీసివేయరాదు. దానిని ప్రభుత్వవిజయముగా మాత్రమే లెక్కించుటయు తగదు. ఆ పోటీల చిహ్నములుగా అడవి ఎనుమును, కొండగోరువంకను ఎన్నుకొనిరి. ఇంద్రావతీవనమున మిగిలియున్న ఆ అడవి ఎనుమును తాతలు వేటాడిరి, దొరలు కాల్చిరి, చట్టము కాపాడెను. మనుమలు దాని బొమ్మయెదుట పరుగెత్తిరి.

ఆ పోటీలలో విలువిద్యయు ఉండెను. ఇచట మరియొక హద్దు కలదు. 1972లో ఒలింపిక్స్‌లో విలువిద్య తిరిగి ప్రవేశించినది; నేడచట 70 మీటర్ల దూరమునుండి రికర్వ్ విల్లుతో కొట్టినవాడే విలుకాడు. ఆ విల్లు, దాని యంగములు, బాణములు కొనుటకు లక్షలు కావలెను. మన దేశములో ఇండియన్ రౌండ్ అను పేర కట్టెవింటి పోటీలున్నవిగాని అవి దేశపు హద్దు దాటవు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది కాంపౌండ్ వింటితో; ఆమె విల్లు 2028 లాస్ ఏంజిలిస్‌లో మిశ్రమజట్ల పోటీగా ఒలింపిక్స్ తలుపు దాటనున్నది. తల్లిదండ్రుల తోడ్పాటును, పట్టణపు శిక్షణయు, ఎనలేని సాధనయు ఆమెను అంతవరకు చేర్చినవి. ఏకలవ్యుని కథను ప్రతి క్రీడోపన్యాసమునను చెప్పుకొను దేశములో వెదురువింటివానికి నేడు బొటనవ్రేలు ఎవరును అడుగరు. పరికరముల ధర చెప్పి యూరకుందురు. స్త్రీల సంగతి చూడగా, శ్రీకాకుళపు ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యము తెచ్చునంతవరకు భారతస్త్రీకి ఒలింపిక్ పతకమే లేదు. మహిళల బరువులెత్తు పోటీని ఒలింపిక్స్‌లో చేర్చినదియు ఆ సంవత్సరమే. అనగా తలుపు తెరచిన నాడే మనయామె లోనికి పోయెను.

భోపాల్‌పట్నపు బాలబాలికలకు తలుపులు మూడు రాష్ట్రముల దిక్కున ఉన్నవి, ఏదియు సులువుగా తెరచుకొనదు. ఇంద్రావతి ఆవలిగట్టు సిరొంచ, మహారాష్ట్రము. గోదావరి ఆవల ఏటూరునాగారము, తెలంగాణము. ఒకే యింటిపేరుగల అన్నదమ్ముల బిడ్డలు మూడు గట్లమీద పెరిగి, మేడారపు జాతరలో ఒక్క గద్దెకు మ్రొక్కి, క్రీడాపోటీలకు వచ్చునప్పటికి మూడు రంగుల చొక్కాలు తొడిగి ఒకరిపైనొకరు ఆడవలసినవారగుదురు. తిమేడు కడ ఇంద్రావతిమీదను, పూసూరు కడ గోదావరిమీదను నేడు వంతెనలున్నవి. మనుష్యులు దాటుదురుగాని ధ్రువపత్రములు దాటవు. సల్వాజుడుం నాళ్లలో వలసవచ్చిన గుత్తికోయల పిల్లలు తెలంగాణలో పుట్టి, తెలుగుబడిలో చదివి, పరుగుపందెములో మొదటివారైనను, గిరిజనులని నిరూపించు పత్రము ఈ గట్టున దొరకక, గిరిజన క్రీడాపాఠశాలల యెంపికలో నిలువలేకున్నారు. ఆవలిగట్టున వారి తాతలు షెడ్యూల్డు తెగవారే. ఎంపికదినమున మైదానములో కొలువబడునది పరుగు; కచేరీలో కొలువబడునది తాత యేగట్టువాడన్నది. పిల్లవాడు మొదటిది గెలిచి రెండవదానియందు ఓడి, మరుసటినాడు మిరపతోటలో కూలికి పోవుచున్నాడు.